నాలుగు సమస్యలు, ఒకే ట్యూబ్: ఎగ్జిమాకు ఏళ్ల తరబడి స్టెరాయిడ్ క్రీమ్ రాస్తే ఏమవుతుంది?

పలాస ప్రాంతం నుంచి 31 ఏళ్ల సోదరి ఒకరు అడిగిన ప్రశ్న సారాంశం ఇది: "చిన్నప్పటి నుంచి నాకు మోచేతి మడతల్లో ఎగ్జిమా ఉంది. జీడి పరిశ్రమలో పనికి చేరాక చేతులకూ వచ్చింది. మందుల షాపులో ఇచ్చిన ట్యూబ్ ఎనిమిదేళ్లుగా రాస్తున్నాను. రాస్తే రెండు రోజుల్లో తగ్గుతుంది, మానితే వారంలో రెట్టింపవుతుంది. రెండేళ్లుగా ముఖానికీ రాస్తున్నాను. ఒక్క రోజు రాయకపోయినా మంట పుడుతుంది. మా మూడేళ్ల పాపకు మోకాళ్ల వెనక దురద వస్తే అదే రాస్తున్నాను. అది స్టెరాయిడ్ అని ఈమధ్యే తెలిసింది. దీనివల్ల ప్రమాదం ఏమిటి? ఈ రోజే మానేయనా?"

అమ్మా, ముందు మీ చివరి ప్రశ్నకే జవాబు చెబుతాను. ఈ రోజే అన్నిచోట్లా ఒక్కసారిగా మానేయకండి. అలాగని ఇప్పుడు రాస్తున్నట్టే ఇంకో నెల రాస్తూ పోకండి. మీ మోచేతి మడతలు, మీ చేతులు, మీ ముఖం, పాప మోకాళ్ల వెనక చర్మం, ఇవి నాలుగు వేర్వేరు సమస్యలు. వీటికి కారణాలు వేరు, ప్రమాదాలు వేరు, చేయాల్సిన పనులూ వేరు. నాలుగింటికీ ఒకే ట్యూబ్ రాయడం వల్లే మీకు ఇంత కష్టం వచ్చింది. విడదీసి చూస్తే దేనికి దానికి దారి ఉంది.

ఇందుకు మిమ్మల్ని మీరు నిందించుకోవద్దు. దురదతో రాత్రంతా నిద్ర లేని మనిషికి రెండు రోజుల్లో ఉపశమనం ఇచ్చే మందు దొరికితే ఎవరైనా రాస్తారు. విజయనగరంలో చాలా ఏళ్లుగా చర్మవ్యాధులకు వైద్యం చేస్తున్నాను. ఇచ్ఛాపురం నుంచి శృంగవరపుకోట దాకా ఎక్కడి నుంచి వచ్చినవాళ్లయినా సంచిలోంచి ఇలాంటి ట్యూబ్ ఒకటి తీసి బల్ల మీద పెడతారు. పద్నాలుగు రకాల స్టెరాయిడ్ పూత మందులను కేంద్ర ప్రభుత్వం 2018 మార్చిలో షెడ్యూల్ హెచ్ కిందికి తెచ్చింది. అంటే డాక్టర్ చీటీ లేనిదే వాటిని అమ్మకూడదు. అంతకు ముందు పైపూత మందులే కదా అని మినహాయింపు ఉండేది. నిబంధన మారింది గాని కౌంటర్ దగ్గర అలవాటు మారలేదు. "దురదకు ఏదైనా ఇవ్వండి" అంటే ఒంటి మీద మచ్చ వైపు కన్నెత్తి చూడకుండానే ట్యూబ్ చేతిలో పెడుతున్నారు. మూడేళ్ల పిల్లలకూ అలాగే ఇస్తున్నారు. ఇది ఎంతమాత్రం సహించదగిన విషయం కాదు.

ఇప్పుడు ఆ ట్యూబ్ తీసుకుని వెలుతురులోకి రండి. సగం వాడిన ట్యూబ్‌ను మనం కింది నుంచి చుట్టుకుంటూ వస్తాం కాబట్టి అసలు సంగతి చెప్పే చిన్న అక్షరాలు మడతలోకి పోతాయి. మడత విప్పండి. పెద్ద అక్షరాల్లో ఉన్న కంపెనీ పేరు వదిలేసి, దాని కింద ఉన్న మందు పేరు చదవండి. చదవడం కష్టమైతే ఫోనులో ఫొటో తీసి పెద్దది చేసి చూడండి. క్లోబెటసాల్, హాలోబెటసాల్ అని ఉంటే అది అన్నిటికన్నా తీవ్రమైన తరగతి. బెటామెథసోన్, మొమెటసోన్ అని ఉంటే గట్టి మందు. హైడ్రోకార్టిసోన్, డెసోనైడ్ మృదువైనవి. పక్కన ఉన్న శాతాన్ని చూసి తేలిక, గట్టి అని లెక్క వేసుకోకండి. క్లోబెటసాల్ 0.05 శాతం ఉంటుంది, హైడ్రోకార్టిసోన్ 1 శాతం ఉంటుంది. అంకె చిన్నది కాబట్టి మొదటిదే తేలిక అనుకునేవాళ్లు బాగా చదువుకున్నవాళ్లలోనూ ఉన్నారు. రక్తనాళాలను కుదించే శక్తిని బట్టి కొలిస్తే క్లోబెటసాల్ హైడ్రోకార్టిసోన్ కన్నా కొన్ని వందల రెట్లు బలమైనది.

స్టెరాయిడ్ పేరుతో పాటు క్లోట్రిమజోల్ వంటి ఫంగస్ మందు, నియోమైసిన్ లేదా జెంటామైసిన్ వంటి యాంటీబయాటిక్ పేరు కూడా కనిపిస్తే ఆ ట్యూబ్‌ను మళ్లీ కొనవద్దు. జబ్బు ఏమిటో తేల్చుకోకుండా అన్నిటికీ కలిపి చేసిన మిశ్రమం అది. 2018 సెప్టెంబరులో కేంద్రం నిషేధించిన 328 మిశ్రమ మందుల్లో ఇలాంటి చర్మపు క్రీములు కూడా ఉన్నాయి. పైగా నియోమైసిన్ చాలామందికి అలర్జీ తెస్తుంది. ఎగ్జిమా తగ్గడానికి రాసిన మందే కొత్త ఎగ్జిమాకు కారణమవుతుంది.

స్టెరాయిడ్ అనే పేరు విని బెదిరిపోవద్దని కూడా చెప్పాలి. 1952లో హైడ్రోకార్టిసోన్‌ను తొలిసారి చర్మంపై పూసి మంచి ఫలితం చూపించారు. అంతకు ముందు ఎగ్జిమా రోగులకు దక్కినవి తారు లేపనాలు, కట్లు, రాత్రంతా గోకుడు. ఈనాటికీ ఎగ్జిమా రేగినప్పుడు తొందరగా అదుపు చేసే మందు ఇదే. తగిన బలం, తగిన చోటు, తగినన్ని రోజులు అన్న మూడూ కుదిరితే పసిపిల్లలకూ నిశ్చింతగా వాడతాం. భయంతో అసలు రాయకుండా పిల్లలను నెలల తరబడి దురదకు వదిలేసిన తల్లిదండ్రులనూ చూశాను. ఆ పిల్లలు చీము పట్టిన పుండ్లతో, నిద్ర లేక పాలిపోయిన ముఖాలతో వస్తారు. అదీ ప్రమాదమే.

మరి రాసినప్పుడు తగ్గి, మానగానే ఎందుకు వస్తోంది? ఎగ్జిమా ఉన్నవాళ్ల చర్మపు పైపొర పుట్టుకతోనే బలహీనంగా ఉంటుంది. ఆ పొరను గట్టిగా నిలిపే ఫిలగ్రిన్ అనే ప్రోటీన్ తాలూకు జన్యువులో లోపానికీ ఎగ్జిమాకూ సంబంధం ఉందని 2006లో తేలింది. తాటాకు కప్పుకు చిల్లులు పడ్డ ఇల్లు ఎలాంటిదో ఈ చర్మం అలాంటిది. లోపలి తేమ బయటికి పోతుంది, బయటి దుమ్ము, సబ్బు, సూక్ష్మజీవులు లోపలికి వస్తాయి. శరీరం వాటి మీద తిరగబడితే ఎరుపు, దురద, రసి. స్టెరాయిడ్ ఆ తిరుగుబాటును అణచివేస్తుంది, చిల్లును పూడ్చదు. గట్టి మందు రోజూ నెలల తరబడి రాస్తే పైపొర ఇంకా పలచబడుతుంది కాబట్టి చిల్లు పెద్దదవుతుంది. మీరు చెప్పిన "రెట్టింపు" వెనక సగం కథ ఇది. మిగతా సగం ముఖం దగ్గర చెబుతాను.

మోచేతి మడతల నుంచి మొదలుపెడదాం. కిటికీ దగ్గర కూర్చుని, చేయి చాపి, మడత దగ్గరి చర్మాన్ని రెండు వేళ్లతో నెమ్మదిగా దగ్గరకు జరపండి. సన్నని, పలచని ముడతలు లెక్కలేనన్ని పడుతున్నాయా? కింది నీలి నరాలు మునుపటి కన్నా స్పష్టంగా కనిపిస్తున్నాయా? చిన్న దెబ్బకే కమిలిపోతోందా? అయితే చర్మం పలచబడింది. స్టెరాయిడ్ చర్మం లోపల కొల్లాజెన్ తయారీని తగ్గిస్తుంది కాబట్టి ఇలా జరుగుతుంది. మందు తగ్గిస్తే ఇందులో కొంత నెలల మీద కోలుకుంటుంది. గర్భిణుల పొట్ట మీద పడేలాంటి చారలు మడతల్లో, చంకల్లో, తొడల లోపల పడితే మాత్రం అవి పోవు. రంగు కాలక్రమంలో కొంత తగ్గుతుంది, చార మిగిలిపోతుంది. రాసినచోట చర్మం తెల్లబారడం, సన్నని వెంట్రుకలు పెరగడం కూడా మామూలే. మందు ఆపాక ఇవి చాలావరకు సర్దుకుంటాయి.

మీరు రాసినదంతా చదివాక నాకు ఎక్కువ ఆందోళన కలిగించింది ముఖం. చర్మం ఒంటినిండా ఒకే మందంలో ఉండదు. ముంజేతిలో ఇంకే మందును ఒక వంతు అనుకుంటే, 1967లో ప్రచురించిన కొలతల ప్రకారం నుదురు ఆరు వంతులు, దవడ పదమూడు వంతులు పీలుస్తాయి. వృషణాల చర్మం నలభై రెండు వంతులు పీలుస్తుంది. అరికాలు ఒకటిలో ఏడో వంతే. మోచేతికి తగిన మందును అంతే ముద్దగా దవడకు రాస్తే ఎన్ని రెట్లు లోపలికి పోతుందో చూడండి. మగవాళ్లలో తొడ మడతల దురదకు ఈ ట్యూబులే రాసుకుని, సిగ్గుతో చెప్పుకోలేక, ఆ చర్మం చిట్లిపోయే దాకా ఆగినవాళ్లు ఎందరో ఉన్నారు. మీ ఇంట్లో అలాంటివారు ఉంటే ఈ మాట వారికీ చెప్పండి.

ముఖానికి గట్టి స్టెరాయిడ్ రాయడం చాలామందిలో ఒకేలా మొదలవుతుంది. రాసిన వారంలో ముఖం తేటగా, కాస్త తెల్లగా కనిపిస్తుంది. రక్తనాళాలు కుదించుకుపోవడం వల్ల, రంగు కణాలు మందగించడం వల్ల వచ్చే మెరుపు అది. మన జిల్లాల్లో పెళ్లి కుదిరిన ఆడపిల్లలు, కాలేజీ కుర్రాళ్లు కేవలం రంగు కోసమే దీన్ని రాస్తున్నారు. కొన్ని నెలల తర్వాత బుగ్గల మీద సన్నని ఎర్రటి నరాలు తేలతాయి, నోటి చుట్టూ చిన్న పొక్కులు వస్తాయి, మొటిమలు గుంపులుగా లేస్తాయి. పొయ్యి దగ్గర నిలబడితే మంట, ఎండలోకి వెళితే మంట. ఆపుదామని చూస్తే, ఇన్నాళ్లూ కుదించి ఉంచిన రక్తనాళాలు ఒక్కసారిగా తెరుచుకుని ముఖం ఎర్రగా వాస్తుంది. ఆ బాధ పడలేక మళ్లీ ట్యూబ్ అందుకుంటారు. ఈ వలయాన్ని మన దేశంలోని చర్మవైద్యులు స్టెరాయిడ్ వల్ల దెబ్బతిన్న ముఖం అనే ప్రత్యేక సమస్యగానే చూస్తారు. మీరు చెప్పిన "ఒక్క రోజు రాయకపోయినా మంట" దీనికి సూచన. అది మీ పాత ఎగ్జిమా ముఖానికి పాకినట్టు మీకు అనిపించవచ్చు. చూడకుండా తేల్చి చెప్పకూడదు గాని, ఆ మంటలో ఎక్కువ భాగం మందు తెచ్చినదే అయి ఉండే అవకాశం బలంగా ఉంది.

ఆపిన తర్వాత వచ్చే ఈ ప్రతిచర్య గురించి బ్రిటన్ మందుల నియంత్రణ సంస్థ 2021లో ప్రత్యేకంగా హెచ్చరించింది. మధ్యస్థ, గట్టి స్టెరాయిడ్లను చాలాకాలం రోజూ రాసినవారిలో, అందులోనూ ముఖం మీద, మర్మావయవాల దగ్గర రాసినవారిలో ఇది ఎక్కువ. ఆపిన కొన్ని రోజుల నుంచి కొన్ని వారాల్లోపు మొదలవుతుంది. దురద కన్నా మంట ఎక్కువగా ఉండటం, ఎప్పుడూ ఎగ్జిమా లేని చోటికి కూడా ఎరుపు పాకడం, పొట్టు రాలడం దీని గుర్తులు. కొందరికి వారాల్లో తగ్గుతుంది, కొందరికి నెలలు పడుతుంది. అందుకే ఒక్కసారిగా మానేయవద్దని మొదటే చెప్పాను. వారం లోపు చర్మవైద్యులను కలిసే ఏర్పాటు చేసుకోండి. అప్పటిదాకా ముఖానికి రోజూ ఒకసారే, రాత్రి పూట, చాలా పలచగా చాలు. కనురెప్పల మీద, కళ్ల చుట్టూ అసలు వద్దు. మంటకు చల్లని నీళ్లలో తడిపిన మెత్తటి నూలు గుడ్డ వేసుకోండి. నిమ్మరసం, పసుపు, పెరుగు, కలబంద గుజ్జు వంటివి ఏవీ ఇప్పుడు ముఖం మీద ప్రయోగించవద్దు.

కళ్ల దగ్గర రాసే అలవాటు ఉంటే ఒకసారి కంటి డాక్టరుతో కంటిలోపలి ఒత్తిడి కొలిపించుకోండి. రెప్పల మీద దీర్ఘకాలం స్టెరాయిడ్ రాస్తే గ్లకోమా, శుక్లాలు వచ్చే ముప్పు ఉంది. గ్లకోమా నొప్పి లేకుండానే చూపు తినేస్తుంది. కొలిస్తేనే తెలుస్తుంది.

ఇక చేతులు. పలాస, కాశీబుగ్గల జీడిపప్పు దేశమంతా తింటుంది. ఆ పప్పు ఒలిచే చేతుల గురించి మాత్రం మాట్లాడేవాళ్లు తక్కువ. జీడి పిక్క పెంకులో ఉండే నూనె చర్మాన్ని కాలుస్తుంది, అలర్జీ కూడా తెస్తుంది. అందులో అనకార్డిక్ ఆమ్లం, కార్డాల్ అనే పదార్థాలు ఉంటాయి. పిక్కలు పగలగొట్టేవాళ్లకు వేళ్ల కొసలు నల్లబడి పెచ్చులూడతాయి. పప్పు పైపొర వలిచేవాళ్లకు పెంకు నూనె తక్కువగా తగిలినా, ఒకసారి అలర్జీ ఏర్పడ్డాక ఆ కొంచెమే చాలు. మామిడి కూడా జీడి కుటుంబపు చెట్టే. వేసవిలో మామిడికాయ కోసినప్పుడు, ఆవకాయకు ముక్కలు కొట్టినప్పుడు మీ చేతులు ఎక్కువ రేగుతున్నాయేమో గమనించండి. సొన తగిలిన పెదవుల చుట్టూ కూడా రావచ్చు. అలా జరుగుతుంటే అనుమానం ఇంకా బలపడుతుంది.

ఎనిమిది గంటలు ఆ నూనెలో చేయి పెట్టి, రాత్రి దాని మీద స్టెరాయిడ్ రాస్తే చేతులు మానడం జరగదు. అరచేతుల చర్మం మందం కాబట్టి అక్కడ గట్టి మందే కావాలి, కొన్ని వారాలు వాడవచ్చు కూడా. కాని చేయి కాపాడుకోకపోతే ఎంత గట్టి మందైనా వృథా. లోపల పలచని నూలు చేతి తొడుగులు, పైన నైట్రైల్ అనే కృత్రిమ రబ్బరు తొడుగులు వేసుకోండి. నూలువి చెమటకు తడిస్తే మార్చుకోవాలి కాబట్టి రెండు మూడు జతలు ఉండాలి. పనికి ముందు ఆముదం గాని బూడిద గాని రాసుకునే అలవాటు జీడి పనిలో పాతదే. ఆముదం కొంత అడ్డు నిలుస్తుంది. బూడిద మాత్రం ఎగ్జిమా చేతులకు పనికిరాదు, క్షారగుణం వల్ల ఇంకా పగులుతాయి. పని అయ్యాక కిరోసిన్‌తో, బట్టల సబ్బుతో రుద్ది కడగవద్దు. కొబ్బరి నూనె పట్టించి గుడ్డతో తుడిచి, తర్వాత మెత్తని సబ్బుతో కడుక్కోండి. తొడుగులు వేసుకుంటే పని వేగం తగ్గుతుందని, కిలోల లెక్కన కూలి పడిపోతుందని నాకు తెలుసు. ఆ నష్టం మీ ఒక్కరి మీదే పడటం అన్యాయం. వీలైతే పిక్క పగలగొట్టే దగ్గర కాకుండా పప్పు గ్రేడింగ్, ప్యాకింగ్ దగ్గర పని అడగండి. డాక్టరు నుంచి రాతపూర్వకంగా ఒక ధ్రువీకరణ తీసుకెళ్తే అడగడానికి బలం ఉంటుంది. ఏ పదార్థం వల్ల అలర్జీ వస్తోందో వీపు మీద పట్టీలు అంటించి తేల్చే ప్యాచ్ పరీక్ష ఉంది. అన్ని ఆసుపత్రుల్లో చేయరు, ముందే ఫోను చేసి అడిగి వెళ్లండి.

పాప విషయానికి వస్తాను. పిల్లల బరువుతో పోలిస్తే చర్మం వైశాల్యం ఎక్కువ. కాబట్టి పెద్దలకు సరిపోయే మందు పిల్లల రక్తంలోకి ఎక్కువ మోతాదులో చేరుతుంది. అది మూత్రపిండాల పైనున్న అడ్రినల్ గ్రంథుల పనిని మందగింపజేస్తుంది. ముఖం గుండ్రంగా ఉబ్బడం, పొట్ట దగ్గర కొవ్వు చేరడం, ఎత్తు ఎదుగుదల ఆగడం దాని గుర్తులు. మోకాళ్ల వెనక అరచేతి మేర చోటుకే, అప్పుడప్పుడే రాసి ఉంటే ఈ స్థాయికి వెళ్లే అవకాశం తక్కువ, అంతగా కంగారు పడకండి. ఒళ్లంతా రాసినా, డైపర్ కింద రాసినా, నెలల తరబడి రోజూ రాసినా మాత్రం డాక్టరుకు ఆ సంగతి స్పష్టంగా చెప్పాలి. అంగన్‌వాడీలో పాప ఎత్తు, బరువు నమోదు చేసిన కార్డు ఉంటే తీసుకెళ్లండి. ఎదుగుదల ఎక్కడైనా ఆగిందేమో దానిలో తెలుస్తుంది. చాలాకాలం వాడిన బిడ్డకు మందు ఆపిన రోజుల్లో వాంతులు, విపరీతమైన నీరసం, మగత వస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్లి, స్టెరాయిడ్ వాడిన విషయమే ముందు చెప్పాలి.

పాపకు ఉన్నది ఎగ్జిమాయేనా అన్నది కూడా తేలాలి. ఇంట్లో మిగతావారికీ రాత్రిపూట దురద ఎక్కువవుతోందా? పాప వేళ్ల సందుల్లో, మణికట్టు దగ్గర, బొడ్డు చుట్టూ చిన్న పొక్కులు ఉన్నాయా? అలా అయితే అది గజ్జి పురుగు వల్ల వచ్చినది కావచ్చు. దానికి ఇంట్లో అందరూ ఒకే రాత్రి పెర్మెత్రిన్ మందు రాసుకోవాలి. మచ్చ గుండ్రంగా విస్తరిస్తూ, అంచు ఉబ్బి, మధ్యలో తగ్గుతూ ఉంటే అది ఫంగస్. ఈ రెంటి మీదా స్టెరాయిడ్ రాస్తే మొదట దురద తగ్గుతుంది. లోపల మాత్రం జబ్బు నిరాటంకంగా పెరుగుతుంది. పైగా అంచులు చెదిరి, చూసిన డాక్టరు కూడా పోల్చుకోలేని రూపంలోకి మారుతుంది. ఇప్పుడు మన దేశంలో పాకుతున్న ఫంగస్ రకం మామూలు మందులకు లొంగడమే కష్టంగా ఉంది. అది ఇంతగా ముదరడంలో ఈ మిశ్రమ ట్యూబుల పాత్ర చాలా పెద్దది. డాక్టరు చర్మాన్ని కాస్త గీకి సూక్ష్మదర్శిని కింద చూస్తే కొద్దిసేపట్లో తేలిపోతుంది. ఆ పరీక్ష చేయమని మీరే అడగవచ్చు.

ఇక మందు ఎలా తగ్గిస్తారో మీకు ముందే తెలిస్తే ధైర్యంగా ఉంటుంది. మోచేతి మడతలకు సాధారణంగా రోజూ ఒకసారి కొద్ది రోజులు రాసి, చర్మం పూర్తిగా నునుపు తేలాక వారానికి రెండు రోజులకు తగ్గిస్తారు. ఎగ్జిమా రాకపోయినా, మళ్లీ మళ్లీ వచ్చే ఆ చోట్లలో వారానికి రెండు రోజుల పూత కొన్ని నెలలు కొనసాగిస్తే రేగడం తగ్గుతుంది, చర్మమూ పలచబడదు. ముఖానికి స్టెరాయిడ్ కాని టాక్రోలిమస్ పూత ఇస్తారు. పెద్దలకు 0.1 శాతం, రెండేళ్లు దాటిన పిల్లలకు 0.03 శాతం. మొదటి వారం రాసినచోట వేడిగా, చురుకుగా ఉంటుంది. పడలేదేమో అనుకుని అక్కడే చాలామంది ఆపేస్తారు. ఓర్చుకోండి, ఆ చురుకు తగ్గిపోతుంది. చర్మాన్ని పలచబరచకపోవడం దీని గొప్ప గుణం. ఇవేవీ చాలని తీవ్రమైన ఎగ్జిమాకు కాంతి చికిత్స, మెథోట్రెక్సేట్, సైక్లోస్పోరిన్ వంటి మందులు ఉన్నాయి. మీరు గర్భవతి అయినా, అయ్యే ఆలోచన ఉన్నా ముందే చెప్పండి. మెథోట్రెక్సేట్ గర్భంలో ఉన్న బిడ్డకు హాని చేస్తుంది. గట్టి స్టెరాయిడ్ పూత కూడా గర్భకాలం మొత్తంలో 300 గ్రాములు దాటితే బిడ్డ తక్కువ బరువుతో పుట్టే ముప్పు పెరుగుతుంది.

ఎంత రాయాలో కొలత తెలుసుకోండి. చూపుడు వేలి కొస నుంచి మొదటి గీత వరకు ట్యూబ్ నుంచి పిండిన పూత దాదాపు అర గ్రాము. అది మీ రెండు అరచేతులంత చోటుకు సరిపోతుంది. పాప మోకాళ్ల వెనక రెండు వైపులకూ కలిపి అందులో సగం చాలు. ఎంత గట్టి రోగమున్నా క్లోబెటసాల్ పెద్దవాళ్లకు వారానికి 50 గ్రాములు దాటకూడదు, ఆగకుండా రెండు వారాలు మించకూడదు.

చర్మానికి తేమ నిలిపే పూత మాత్రం ధారాళంగా వాడాలి. స్టెరాయిడ్ ముద్దగా, పెట్రోలియం జెల్లీ చిటికెడు రాసే అలవాటు మనది. దాన్ని పూర్తిగా తిరగేయండి. ఎగ్జిమా ఒళ్లంతా ఉన్న పిల్లలకు వారానికి 250 గ్రాముల తేమ పూత కూడా ఖర్చవుతుంది. గోరువెచ్చని నీళ్లతో పది నిమిషాల్లోపు స్నానం ముగించి, ఒళ్లు అద్దినట్టు తుడిచి, తడి ఆరకముందే పూయాలి. ఉద్దానంలో కొబ్బరికి కొదవ లేదు, స్వచ్ఛమైన కొబ్బరి నూనె మంచిదే. చలికాలంలో పెట్రోలియం జెల్లీ బాగుంటుంది. సముద్రపు ఉక్కపోతలో, మే నెలలో మాత్రం అది చెమటను అడ్డుకుని చెమటకాయలు తెస్తుంది, అప్పుడు పలచని క్రీము వాడండి. పాపకు నలుగు, సున్నిపిండి మానేయండి. ఆ గరుకుతనం ఎగ్జిమా చర్మానికి గాయమే. ఒంటికి ఆనేవి మెత్తటి నూలు బట్టలు కావాలి.

పథ్యం పేరిట వంకాయ, గోంగూర, గుడ్డు, చేపలు అన్నీ మాన్పించి పిల్లలను చిక్కిపోనివ్వడం నాకు చాలా బాధ కలిగించే విషయం. ఫలానాది తిన్న ప్రతిసారీ గంట రెండు గంటల్లో దద్దుర్లు లేస్తేనే దాన్ని అనుమానించాలి. చర్మరోగం తగ్గాలని అరసవల్లి సూర్యనారాయణ స్వామికి మొక్కుకునేవాళ్లు మన జిల్లాలో ఎందరో. మొక్కు తీర్చుకోండి, మందూ కొనసాగించండి. మిట్టమధ్యాహ్నపు ఎండ మాత్రం ఇప్పుడు మీ ముఖానికి తగలనివ్వకండి.

ఊళ్లో ఎవరైనా "ఒక్క ఇంజెక్షన్‌తో ఆరు నెలలు రాదు" అంటే వద్దనండి. ఎక్కువగా అది ట్రయామ్సినలోన్ అనే స్టెరాయిడే, ఒళ్లంతటికీ పనిచేసేది. పేరు లేని పొడులు, లేపనాలు రెండు రోజుల్లో అద్భుతంగా తగ్గిస్తే వాటిలోనూ అదే కలిసి ఉండవచ్చని అనుమానించండి.

శ్రీకాకుళం రిమ్స్‌లో చర్మవ్యాధుల విభాగం ఉంది. పలాస నుంచి రైలులో వస్తే శ్రీకాకుళం రోడ్ స్టేషను ఆమదాలవలసలో దిగాలి, అక్కడి నుంచి ఊళ్లోకి బస్సులు, ఆటోలు ఉంటాయి. విజయనగరంలోనూ 2023 నుంచి ప్రభుత్వ వైద్య కళాశాల నడుస్తోంది. వెళ్లేటప్పుడు ఇప్పటిదాకా వాడిన ట్యూబులన్నీ, ఖాళీవి కూడా, ఒక సంచిలో వేసుకెళ్లండి. నెలకు ఎన్ని ట్యూబులు అయిపోతున్నాయో లెక్క చెప్పండి. "అప్పుడప్పుడూ రాస్తాను" అన్న మాట కన్నా ఆ లెక్కే డాక్టరుకు ఉపయోగం. ముఖం ఎర్రబడిన రోజుల ఫొటోలు ఫోనులో ఉంటే చూపించండి.

ఈ లోపల ఒక్కదాని కోసం మాత్రం కనిపెట్టుకుని ఉండండి. మీకు గాని పాపకు గాని ఎగ్జిమా ఉన్నచోట జ్వరంతో పాటు ఒకే సైజులో చిన్న నీటి పొక్కులు గుంపుగా లేచి, పగిలి, గుండ్రని గుంట పుండ్లుగా మారితే అది హెర్పిస్ వైరస్. దాని మీద స్టెరాయిడ్ చుక్క కూడా రాయకూడదు. కంటి దగ్గర వస్తే చూపుకే ప్రమాదం. ఆ వైరస్‌కు ఇచ్చే ఎసైక్లోవిర్ మందు ఎంత తొందరగా మొదలైతే అంత మంచిది, కాబట్టి అర్ధరాత్రి అయినా సరే దగ్గర్లోని ప్రభుత్వ ఆసుపత్రి అత్యవసర విభాగానికి తీసుకెళ్లండి.